ఆఫీసు కంప్యూటర్లన్నిటిలో బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లను అదుపులో పెట్టడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

2024 డిసెంబర్ 24న సైబర్‌హేవెన్ అనే డేటా భద్రత కంపెనీలో ఒక ఉద్యోగికి మెయిల్ వచ్చింది. మీ ఎక్స్‌టెన్షన్ నిబంధనలకు విరుద్ధంగా ఉంది, స్టోర్ నుంచి తీసేస్తాం అని క్రోమ్ వెబ్ స్టోర్ వాళ్లే రాసినట్టుంది ఆ మెయిల్. (ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రామ్, క్రోమ్‌కి అవి దొరికే చోటు ఆ స్టోర్.) ఆ ఉద్యోగి లింక్ నొక్కి, అక్కడ అడిగిన అనుమతి ఇచ్చారు. మర్నాటికల్లా ఆ కంపెనీ ఎక్స్‌టెన్షన్‌కే దొంగ కోడ్ కలిపిన కొత్త వెర్షన్ స్టోర్‌లోకి ఎక్కింది, దాన్ని వాడుతున్నవాళ్ల బ్రౌజర్లు మామూలు అప్‌డేట్ అనుకుని తమంతట తామే తెచ్చుకున్నాయి. వాడేవాళ్లు ఏమీ నొక్కలేదు, ఏ తప్పూ చేయలేదు. అదే తరహాలో ఇంకా చాలా ఎక్స్‌టెన్షన్లు దెబ్బతిన్నాయని తర్వాత బయటపడింది.

ఈ సంగతి ముందు ఎందుకు చెప్పానంటే, ఎక్స్‌టెన్షన్ల గురించి మనం చేసే పొరపాటంతా ఇక్కడే ఉంది. మంచిదా చెడ్డదా అని ఒకసారి చూసి సరే అనేస్తాం. కానీ ఈరోజు ఇచ్చిన అనుమతి, రేపు దాని తయారీదారు పంపబోయే కోడ్‌కి కూడా చెల్లుతుంది, ఆ కోడ్‌ని మీరు ఇంకా చూడనే లేదు. కాబట్టి మన పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు: ఆ నమ్మకం ఇచ్చే ఎక్స్‌టెన్షన్ల సంఖ్యను తక్కువలో ఉంచడం, ఏదైనా చెడితే అన్ని కంప్యూటర్లలో ఒకేసారి ఆపగలిగేలా ఉండటం. కింద రాసిన ప్రతి అడుగూ ఈ రెండింటి కోసమే. ఇరవై కంప్యూటర్లున్న ఆఫీసుకైనా, వేలల్లో ఉన్న సంస్థకైనా దారి ఒకటే.

మొదటి అడుగు: ఏమున్నాయో లెక్క తీయండి

నిషేధం పెట్టే ముందు కనీసం రెండు వారాలు లెక్క తీయడానికే ఇవ్వండి. ఈ అడుగు దాటేసి నేరుగా తాళం వేసినవాళ్లందరూ వారంలోపే ఆ తాళం తీసేయడం చూశాను.

క్రోమ్ వాడే చోట సులువైన దారి క్రోమ్ ఎంటర్‌ప్రైజ్ కోర్, ఆఫీసు బ్రౌజర్లన్నిటినీ ఒకేచోటి నుంచి చూసుకోవడానికి గూగుల్ ఇచ్చే సర్వీసు. ఉచితమే. అడ్మిన్ కన్సోల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ టోకెన్ (బ్రౌజర్లను ఆ కన్సోల్‌కి కలిపే కోడ్) తయారు చేసి, దాన్ని కంప్యూటర్లన్నిటికీ పంపితే, ఏ బ్రౌజర్‌లో ఏ ఎక్స్‌టెన్షన్ ఉంది, ఏ వెర్షన్, ఏ అనుమతులు అడుగుతోంది అన్నీ ఒకే రిపోర్ట్‌లో కనిపిస్తాయి. దాని జోలికి వెళ్లడం ఇష్టం లేకపోతే స్క్రిప్ట్ రాసుకోవచ్చు. విండోస్‌లో ప్రతి యూజర్ లోకల్ యాప్ డేటా ఫోల్డర్‌లో గూగుల్, క్రోమ్, యూజర్ డేటా అనే ఫోల్డర్ల కింద ఒక్కో ప్రొఫైల్‌కి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది, అందులో ఎక్స్‌టెన్షన్స్ అనే ఫోల్డర్. ఎడ్జ్‌కి కూడా ఇదే అమరిక, గూగుల్ క్రోమ్ బదులు మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అని ఉంటుందంతే. లోపల ప్రతి ఎక్స్‌టెన్షన్ పేరూ 32 అక్షరాల ఐడీ రూపంలో ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ నుంచి పీ వరకు మాత్రమే వాడతారు. దాని లోపల వెర్షన్ ఫోల్డర్, అందులో మానిఫెస్ట్ ఫైల్. పేరు, వెర్షన్, అనుమతులు అన్నీ ఆ ఫైల్‌లోనే దొరుకుతాయి.

స్క్రిప్ట్ రాసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. డిఫాల్ట్ ప్రొఫైల్ ఒక్కటే చూస్తే సరిపోదు, చాలామందికి రెండు మూడు ప్రొఫైళ్లు ఉంటాయి, మీరు వెతికేది చాలాసార్లు రెండో దాంట్లోనే ఉంటుంది. కొన్ని మానిఫెస్ట్‌లలో పేరు ఉండాల్సిన చోట మెసేజ్ అనే గుర్తుతో ఏదో కోడ్ ఉంటుంది, అసలు పేరు పక్కనున్న లొకేల్స్ ఫోల్డర్‌లో వెతకాలి. ఇక ఒకే కంప్యూటర్‌ని నలుగురు వాడుతుంటే నలుగురి ఫోల్డర్లూ చదవాలి, అందుకని స్క్రిప్ట్‌ని అడ్మిన్ హక్కులతో నడపాలి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఎక్స్‌టెన్షన్స్ అనే పేరుతో ఒక జేసన్ ఫైల్ (సమాచారాన్ని పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్ ఫైల్) ఉంటుంది, అది ఒక్కటి చదివితే చాలు.

లెక్క చేతికొచ్చాక మీరు ఊహించినదానికంటే జాబితా పొడవుగానే ఉంటుంది, కంగారు పడకండి. గూగుల్ డాక్స్ ఆఫ్‌లైన్ లాంటివి క్రోమ్‌తో పాటే వచ్చేవి, అవి పక్కన పెట్టేస్తే మిగిలినదే అసలు పని.

రెండో అడుగు: అనుమతులను బట్టి వేరు చేయండి

పేరు చూసి, స్టార్లు చూసి, ఎంతమంది వాడుతున్నారో చూసి నిర్ణయించకండి. ద గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ని లక్షల మంది ఏళ్ల తరబడి నమ్మకంగా వాడారు. 2020లో దాన్ని మొదట తయారు చేసిన వ్యక్తి ఇంకొకరికి అప్పగించారు, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. పేరు, ఐడీ ఏదీ మారలేదు, యజమాని మారాడు. అందుకే చూడాల్సింది అది ఏం చేయగలదు అన్నది.

నేను ముందు చూసేది అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదవడం, మార్చడం అనే అనుమతి. అది ఉంటే మీ ఉద్యోగి తెరిచే ప్రతి పేజీలో కనిపించేదంతా దానికీ కనిపిస్తుంది, జీతాల పేజీ, కస్టమర్ వివరాలు, లోపలి అడ్మిన్ తెరలు అన్నీ. దీనికి కుకీస్ అనుమతి కూడా తోడైతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే లాగిన్ అయిన సెషన్ కుకీ (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కి చూపే గుర్తు) దొంగ చేతికి చిక్కితే వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. నేటివ్ మెసేజింగ్ ఉంటే అది బ్రౌజర్ దాటి కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌తో మాట్లాడగలదు. పాస్‌వర్డ్ మేనేజర్లకు అది సహజంగానే కావాలి, పేజీ రంగులు మార్చే ఎక్స్‌టెన్షన్‌కి ఎందుకు? డీబగ్గర్ (పేజీ లోపలికి దూరి నడిపించేది), ప్రాక్సీ (నెట్ రాకపోకలను మళ్లించేది), మేనేజ్‌మెంట్ (మిగతా ఎక్స్‌టెన్షన్లను అదుపు చేసేది) అనుమతులు అడిగేవాటికి గట్టి కారణం చూపిస్తే తప్ప సరే అనకండి.

జాబితాలో ప్రతిదాని పక్కన మూడే మాటలు రాసుకోండి: ఎవరికి కావాలి, ఏ పనికి, అది లేకపోతే ఏమవుతుంది. మూడో ప్రశ్నకు జవాబు లేనివి సగం దాకా ఉంటాయి.

మూడో అడుగు: మూడు గుంపులు

మీరే బలవంతంగా ఎక్కించేవి, కావాల్సినవాళ్లు పెట్టుకోవచ్చు అనేవి, మిగతావన్నీ వద్దు. ఈ మూడు చాలు.

బలవంతంగా ఎక్కించే గుంపు గురించి మాత్రం చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, ఇక్కడ కాస్త ఆగండి. మామూలుగా ఒక ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్‌లో హెచ్చరిక చూపాల్సినంత పెద్ద అనుమతి కొత్తగా అడిగితే, క్రోమ్ దాన్ని ఆపేసి, వాడేవాళ్లు ఒప్పుకునేదాకా నడవనివ్వదు. అదే పాలసీ (అడ్మిన్ కంప్యూటర్లన్నిటికీ పంపే సెట్టింగ్) ద్వారా బలవంతంగా ఎక్కించినదైతే ఎవరినీ అడగదు. ఇప్పుడు అడిగే అనుమతులే కాదు, రాబోయే వెర్షన్లు అడగబోయేవి కూడా మీరు ముందే ఇచ్చినట్టు లెక్క. వాడేవాళ్లకు దాన్ని తీసేసే వీలు కూడా ఉండదు. అంటే ఆ చిన్న అడ్డుగోడను కూడా మనమే తీసేస్తున్నాం. కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్, భద్రతా ఏజెంట్ లాంటి నిజంగా అందరికీ తప్పనిసరి అయినవే ఆ గుంపులో పెట్టండి. అందరికీ పనికొస్తుంది కదా అని అనువాదం చేసేవీ, స్క్రీన్‌షాట్ తీసేవీ అందులో వేయకండి, అవి రెండో గుంపులో ఉంటే చాలు.

నాలుగో అడుగు: పాలసీ రాయడం

విండోస్ డొమైన్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒక సర్వర్ నుంచి నడిపే ఏర్పాటు) ఉంటే గ్రూప్ పాలసీతో, అంటే ఆ సర్వర్ నుంచి అన్నిటికీ సెట్టింగ్‌లు పంపే సదుపాయంతో, మొదలుపెట్టండి. గూగుల్ ఇచ్చే పాలసీ టెంప్లేట్ల ప్యాకేజీలో క్రోమ్ ఏడీఎంఎక్స్, గూగుల్ ఏడీఎంఎక్స్ అని రెండు ఫైళ్లుంటాయి, రెండూ కావాలి, ఒక్కటే వేస్తే ఎర్రర్ వస్తుంది. వాటి భాషా ఫైళ్లతో సహా సెంట్రల్ స్టోర్‌లోని (డొమైన్‌లో టెంప్లేట్లు ఉంచే ఉమ్మడి చోటు) పాలసీ డెఫినిషన్స్ ఫోల్డర్‌లో వేస్తే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో క్రోమ్ విభాగం కనిపిస్తుంది. ఎడ్జ్‌కి మైక్రోసాఫ్ట్ విడిగా టెంప్లేట్లు ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నుంచి కంప్యూటర్లను నడిపే ఇంట్యూన్ వాడేవాళ్లకు ఇవే సెట్టింగ్‌లు సెట్టింగ్స్ కేటలాగ్‌లో దొరుకుతాయి.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి విడివిడి పాలసీలు: బ్లాక్‌లిస్ట్‌లో ఒక్క స్టార్ గుర్తు పెడితే అన్నీ బంద్, అలోలిస్ట్‌లో ఐడీలు, ఫోర్స్‌లిస్ట్‌లో తప్పనిసరివి. చిన్న ఆఫీసుకు ఇది చాలు, పది నిమిషాల పని. రెండోది ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్ అనే ఒకే పాలసీ, అందులో అంతా జేసన్‌లో రాయాలి. రెండింటినీ కలిపి వాడకండి, ఆరు నెలల తర్వాత ఏది ఎందుకు ఆగిందో కనుక్కోవడం నరకం. నా ఓటు రెండోదానికే, ఎందుకంటే ఇంకెక్కడా దొరకని రెండు మూడు అస్త్రాలు అందులో ఉన్నాయి.

జేసన్‌లో మొదటి భాగం స్టార్ గుర్తుకి, అంటే విడిగా పేరు పెట్టని ఎక్స్‌టెన్షన్లన్నిటికీ. దానికి ఇన్‌స్టలేషన్ మోడ్ బ్లాక్డ్ అని రాయండి. దాంతో పాటు బ్లాక్డ్ ఇన్‌స్టాల్ మెసేజ్ తప్పకుండా రాయండి. ఎవరైనా ఎక్కించబోతే కనిపించే మాట అది, ఎవరిని అడగాలో, ఎక్కడ అడగాలో అందులో ఉండాలి. ఖాళీగా వదిలేస్తే జనానికి కనిపించేది మూసిన తలుపు మాత్రమే.

తర్వాత ఒక్కో ఐడీకి ఒక్కో భాగం, అనుమతించేవాటికి అలౌడ్, తప్పనిసరివాటికి ఫోర్స్ ఇన్‌స్టాల్డ్, వాటి కింద అప్‌డేట్ చిరునామా. అసలైన అస్త్రం రన్‌టైమ్ బ్లాక్డ్ హోస్ట్స్. ఎక్స్‌టెన్షన్ నడుస్తూనే ఉంటుంది గానీ మీరు చెప్పిన సైట్ల పేజీల్లో దానికి చోటుండదు. జీతాల సైట్, బ్యాంకు సైట్, లోపలి అడ్మిన్ తెరలు, లాగిన్ పేజీ, ఇవన్నీ ఇక్కడ రాస్తే వ్యాకరణం సరిచేసే ఎక్స్‌టెన్షన్ మెయిల్‌లో పనిచేస్తుంది గానీ జీతాల పేజీని చూడలేదు. ఉండాలి, వద్దు అనే గొడవల్లో సగం దీనితో తీరిపోతాయి. చిరునామాలో డొమైన్ వరకే రాయాలి, దాని తర్వాతి దారి రాస్తే ఒప్పుకోదు. అలాగే ఒక ఐడీకి విడిగా భాగం రాశాక స్టార్‌లో పెట్టిన పరిమితులు దానికీ వర్తిస్తాయిలే అనుకోకుండా, అక్కడ కూడా మళ్లీ రాసి, పరీక్షించి చూసుకోండి.

ఆ జేసన్ మొత్తం గ్రూప్ పాలసీ పెట్టెలో ఒకే వరుసలో ఉండాలి. ఒక కామా తప్పినా పాలసీ పనిచేయదు, అందుకని ముందు ఏదైనా జేసన్ చెకర్‌లో సరిచూసుకోండి. ఆ చెకర్ మీ కంప్యూటర్‌లోనే నడిచేదైతే మంచిది, లోపలి సైట్ల చిరునామాలు బయటివాళ్ల పేజీలో అతికించనక్కర్లేదు.

ఎడ్జ్‌లో ఒక తిరకాసు ఉంది. ఒకే ఎక్స్‌టెన్షన్ క్రోమ్ స్టోర్‌లో ఒక ఐడీతో, ఎడ్జ్ స్టోర్‌లో ఇంకో ఐడీతో ఉండొచ్చు. క్రోమ్ స్టోర్‌లోనిది ఎడ్జ్‌లో బలవంతంగా ఎక్కించాలంటే క్రోమ్ స్టోర్ అప్‌డేట్ చిరునామా రాసి తీరాలి, రాయకపోతే ఎడ్జ్ తన స్టోర్‌లో వెతికి దొరక్క ఊరుకుంటుంది. ఎర్రర్ కూడా పెద్దగా కనిపించదు. క్రోమ్‌లో పనిచేసిన జాబితాను యథాతథంగా ఎడ్జ్‌కి అతికించి, పాస్‌వర్డ్ మేనేజర్ రాలేదేమిటా అని ఒక రోజంతా వెతకాల్సి వస్తుంది.

లినక్స్‌లో ఈటీసీ ఫోల్డర్ కింద ఆప్ట్, క్రోమ్, పాలసీస్, మేనేజ్డ్ అనే చోట జేసన్ ఫైల్ పెడితే చాలు, రూట్ (పూర్తి హక్కులున్న ఖాతా) తప్ప వేరెవరూ మార్చలేకుండా చూడండి. మ్యాక్‌లో ఎండీఎం (పరికరాలను దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) ద్వారా కాన్ఫిగరేషన్ ప్రొఫైల్‌గా పంపాలి. ఫైర్‌ఫాక్స్‌కి ఇన్‌స్టాల్ అయిన చోట డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ చేసి అందులో పాలసీస్ అనే జేసన్ ఫైల్ పెట్టాలి, గ్రూప్ పాలసీ టెంప్లేట్లు కూడా ఉన్నాయి. ఈ సదుపాయం 2018లో వచ్చిన 60వ వెర్షన్ నుంచి ఉంది. అక్కడ కూడా ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్ అనే పేరే, స్టార్ గుర్తే, కానీ ఐడీ రూపం వేరు, మెయిల్ చిరునామాలాగో, మీసాల బ్రాకెట్లలో పొడుగాటి కోడ్‌లాగో ఉంటుంది. అబౌట్ సపోర్ట్ పేజీ తెరిస్తే ఆ ఐడీలు కనిపిస్తాయి.

ఐదో అడుగు: మెల్లగా వదలండి

ముందు మీ ఐటీ బృందం, తర్వాత ప్రతి విభాగం నుంచి ఒకరిద్దరు, ఆ తర్వాతే అందరూ. ఒక్కో దశకు వారమైనా ఇవ్వండి. ఈ విషయంలో నేను నేర్చుకున్నది ఒక సహోద్యోగి వల్ల. గతంలో నేను పనిచేసిన ఒకచోట దశలు లేకుండా అందరికీ ఒకేసారి నిషేధం పెట్టాం. చూపు తక్కువగా ఉన్న ఒకావిడ పేజీలను పెద్ద అక్షరాల్లో, వేరే రంగుల్లో చూపే ఎక్స్‌టెన్షన్ మీద ఆధారపడి పనిచేసేవారు. అది ఆగిపోయింది. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఎలాగో నెట్టుకొచ్చారు, మూడో రోజు వచ్చి అడిగారు. అప్పటి నుంచి లెక్క తీసేటప్పుడే వినికిడి, చూపు, చదవడం, టైపింగ్‌కి సాయపడే ఎక్స్‌టెన్షన్లను విడిగా గుర్తుపెట్టుకుని, వాడేవాళ్లతో ముందే మాట్లాడి, మొదటిరోజే అనుమతి జాబితాలో ఉండేలా చూస్తాను. మీరూ అలాగే చేయండి, ఇది తర్వాత సర్దుకునే విషయం కాదు.

ఒకటి గుర్తుంచుకోండి, బ్లాక్డ్ వేరు, రిమూవ్డ్ వేరు. బ్లాక్డ్ పెడితే ఇప్పటికే ఉన్న ఎక్స్‌టెన్షన్ ఆగిపోతుంది గానీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, మళ్లీ అనుమతిస్తే ఎప్పటిలా పనిచేస్తుంది. రిమూవ్డ్ పెడితే పూర్తిగా పోతుంది, అందులో దాచుకున్నవి కూడా. నోట్స్, సేవ్ చేసిన ట్యాబ్‌లు అందులో పెట్టుకున్నవాళ్లు ఎంతోమంది. అందుకని మొదట బ్లాక్డ్‌తోనే వెళ్లండి, వారం ముందు అందరికీ మెయిల్ పంపి కావాల్సినవి బయటికి తీసుకోమనండి.

పాలసీ చేరిందో లేదో చూడటానికి క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని టైప్ చేయండి. ఎడ్జ్‌లో మొదటి మాట ఎడ్జ్ అని మార్చాలి, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కోలన్ పాలసీస్. పాలసీ ఎక్కడి నుంచి వచ్చింది, తప్పులేమైనా ఉన్నాయా అన్నీ అక్కడే చూపిస్తుంది. సగం సమస్యలు ఆ పేజీ దగ్గరే తేలిపోతాయి.

ఆరో అడుగు: అడిగేవాళ్లకు త్వరగా జవాబివ్వండి

నిషేధం నిలబడేది దీని మీదే. ఒక ఉద్యోగి ఎక్స్‌టెన్షన్ అడిగి మూడు వారాలు ఎదురుచూశాడంటే, నాలుగో వారంలో అదే పని సొంత ల్యాప్‌టాప్‌లో చేస్తాడు, ఆఫీసు ఫైళ్లు అక్కడికి వెళ్తాయి, అప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. క్రోమ్ ఎంటర్‌ప్రైజ్ కోర్‌లో స్టోర్ పేజీ నుంచే అనుమతి అడిగే సదుపాయం ఉంది, అడ్మిన్‌కి కన్సోల్‌లో కనిపిస్తుంది. లేకపోతే చిన్న ఫారం చాలు: లింక్, ఏ పనికి, ఎంతమందికి. రెండు పనిదినాల్లో జవాబు ఇస్తామని చెప్పి నిలబెట్టుకోండి. వద్దంటే ఎందుకు వద్దో రాయండి, బదులుగా ఏది వాడొచ్చో కూడా రాయండి.

పరిశీలించేటప్పుడు అనుమతులు, తయారీదారు ఎవరు, చివరి అప్‌డేట్ ఎప్పుడు, ప్రైవసీ పాలసీలో డేటా ఎక్కడికి పంపుతామన్నారు, ఇవి చూడండి. ఏ డేటా లేని విడి ప్రొఫైల్‌లో ఎక్కించి, డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి కాసేపు వాడండి.

ఏడో అడుగు: పక్కదారులు మూయండి

క్రోమ్‌కి తాళం వేసి, అదే కంప్యూటర్‌లో బ్రేవ్, వివాల్డి, ఒపెరా, పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పోర్టబుల్ బ్రౌజర్ వదిలేస్తే ప్రయోజనం లేదు. వాటికి ఆ క్రోమ్ పాలసీలు వర్తించవు. ఏ బ్రౌజర్లు నడవొచ్చో విండోస్‌లోని యాప్‌లాకర్ లాంటిదానితో నిర్ణయించండి. వేరే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవుతూ తనతో పాటు ఎక్స్‌టెన్షన్‌ని రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) ద్వారా దూర్చే పద్ధతి ఇంకా ఉంది, దానికి బ్లాక్ ఎక్స్‌టర్నల్ ఎక్స్‌టెన్షన్స్ అనే పాలసీ పెట్టండి. పాలసీని వీలైనంతవరకు మెషీన్ స్థాయిలో పెట్టండి, అప్పుడు ఆ కంప్యూటర్‌లో ఉద్యోగి సొంత ఖాతాతో తెరిచిన ప్రొఫైల్‌కీ వర్తిస్తుంది. యూజర్ ఖాతాకు మాత్రమే క్లౌడ్ పాలసీ పెడితే ఆఫీసు ప్రొఫైల్ దాకానే.

ఎనిమిదో అడుగు: నెలనెలా చూసుకోవడం, చెడినరోజు ఏం చేయాలి

నెలకోసారి కొత్తగా లెక్క తీసి పాతదానితో పోల్చండి. అనుమతులు పెరిగినవి, యజమాని మారినవి, స్టోర్ నుంచి మాయమైనవి ముందు చూడండి. బ్రౌజర్ మార్పుల మీద కూడా ఓ కన్నుండాలి. 2025లో క్రోమ్ మానిఫెస్ట్ వీ2 (పాత తరహాలో రాసిన) ఎక్స్‌టెన్షన్లను పూర్తిగా ఆపేసినప్పుడు ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ లాంటివి చాలా ఆఫీసుల్లో ఒక్కసారిగా ఆగిపోయాయి, ముందే గమనించినవాళ్లు లైట్ వెర్షన్‌కి మారిపోయారు. 2019 మే నెలలో ఫైర్‌ఫాక్స్ సంతకాల సర్టిఫికెట్ గడువు తీరి, ప్రపంచమంతటా యాడ్-ఆన్లు (అక్కడ ఎక్స్‌టెన్షన్లను అలా కూడా అంటారు) ఆగిపోయాయి కూడా. పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్స్‌టెన్షన్ ఒకరోజు నడవకపోతే మీవాళ్లు లాగిన్ ఎలా అవుతారో ఒకసారి ఆలోచించి పెట్టుకోండి, డెస్క్‌టాప్ యాప్ ఉంటే అది కూడా ఎక్కించి ఉంచండి.

ఇక ఏదైనా ఎక్స్‌టెన్షన్ దొంగల చేతిలో పడిందని వార్త వస్తే. ముందు ఆ ఐడీని రిమూవ్డ్‌కి మార్చండి. గ్రూప్ పాలసీ తనంతట తాను కంప్యూటర్లకు చేరడానికి 90 నిమిషాలు, పైన మరో 30 నిమిషాల దాకా పడుతుంది, అంతసేపు ఆగకుండా పాలసీని వెంటనే తెప్పించే జీపీ అప్‌డేట్ ఆదేశాన్ని రిమోట్‌గా నడపండి. ఆఫీసు నెట్‌వర్క్‌కి దూరంగా ఉన్న ల్యాప్‌టాప్‌లకు క్లౌడ్ ద్వారా పంపే దారి ముందే ఉండాలి. ఆ పాడు వెర్షన్ ఎవరెవరి దగ్గర ఉండిందో మీ రిపోర్ట్‌లోంచి తీసి, ఆ జాబితాను వెంటనే విడిగా భద్రపరచండి, తీసేశాక మళ్లీ దొరక్కపోవచ్చు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, ఆగకూడదు. ఎక్స్‌టెన్షన్ పోయినా, అది అప్పటికే పట్టుకెళ్లిన సెషన్ కుకీలు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. ఆ జాబితాలోని ప్రతి ఒక్కరి సెషన్లనూ మెయిల్‌లో, క్లౌడ్ ఖాతాల్లో, అడ్మిన్ తెరల్లో రద్దు చేయాలి, ఆ తర్వాత పాస్‌వర్డ్‌లు మార్పించాలి, బ్రౌజర్‌లో అతికించిన ఏపీఐ కీలు (ప్రోగ్రాములు సర్వీసుల్లోకి వెళ్లడానికి వాడే రహస్య కోడ్‌లు) ఉంటే వాటినీ మార్చాలి. పాస్‌వర్డ్ మార్చితే పాత సెషన్లు ప్రతి చోటా వాటంతట అవే ముగియవు, కాబట్టి రద్దు చేసే బటన్ ఏ సర్వీసులో ఎక్కడుందో ఇప్పుడే వెతికి ఒక కాగితం మీద రాసి, ఆ కాగితం మీరు సెలవులో ఉన్నరోజు కూడా మీ బృందానికి దొరికే చోట పెట్టండి.